పదకొండు డాలర్ల పేరు

సెకండీ రేవు దగ్గర మా దుకాణం.
ఫోటోకాపీలు, పాస్‌పోర్టు ఫోటోలు, ఫోన్ రీఛార్జీలు,
ఈ మధ్య పేర్లు కూడా.
ఒంటినిండా పొగ వాసనతో అరబా ఎసిల్ఫీ వచ్చి
ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమనేలా కూర్చుంది.
"అక్రాలో ఆడవాళ్ళు ఫోన్లోనే చేపలు కొంటున్నారట.
ఆ మిషన్ చేత నాకూ ఓ పేరు పెట్టించు."

ఎనిమిది సెకన్లు పట్టింది దానికి.
స్మోకోరా. ఫిష్‌లీ. సీవియా. ఆక్వెల్లో.
ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే
గొంతులో ముల్లు దిగినట్టు మొహం పెట్టింది.
"ఇవి చేపలకా, దగ్గు మందులకా?"

పైగా ఒక్క డొమైనూ ఖాళీగా లేదు.
స్మోకోరాని ఎవరో ఎక్కడో కొని తాళం వేసుకున్నారు.
లోపల పొయ్యి లేదు, చేప లేదు,
గుమ్మానికి ఒకటే చీటీ: రెండు వేల నాలుగొందల డాలర్లు.
"ఇల్లు కట్టకుండానే తలుపు అమ్ముతారా?"
నా దగ్గర జవాబు లేదు.
ఫిష్‌లీలో ఒక అక్షరం పీకేస్తే దొరుకుతుందంది మిషన్.
"మా రెండోవాడికి ముందు పన్ను ఊడింది,
దాన్ని వాడి చేతే పలికించాలి."

అప్పుడు మిషన్ ఒక మాట అడిగింది.
నాకు తట్టలేదది, ఒప్పుకుంటాను.
మీ దగ్గర కొనేవాళ్ళు మొట్టమొదట ఏమంటారు?

అరబా తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.
పావుగంట మాట్లాడింది.
ఆగస్టు కవళ్ళ గురించి, తడిసిన కొబ్బరి డొక్కల గురించి,
వల ఖాళీగా వచ్చిన రోజున కూడా
డీజిల్ డబ్బులడిగే పడవ యజమాని గురించి,
మండి మండి కళ్ళకి ఏడుపేదో పొగేదో తెలియకపోవడం గురించి.
చివర్న, "ఏమంటారు? వేలితో నొక్కి చూసి
ఇది నిన్నటిదా అంటారు.
నిన్నటి చేప కాదమ్మా అంటాను.
ఇరవై ఆరేళ్ళుగా అదే మాట."

నా వేళ్ళు ఆగాయి.
నిన్నటి చేప కాదు.
"అదే కొట్టు," అంది.

మిషన్ మర్యాదగా మొదలెట్టింది.
పేరు పొడుగు.
'కాదు' అనే మాట బోర్డు మీద బాగుండదు.
ఇంకొకటి:
సోమవారం పట్టినవి, రాత్రంతా పొగలో ఉండేవి,
బుధవారానికి గానీ అక్రా చేరవని మీరే చెప్పారు.
మరి ఈ పేరు నిజమేనా?

తిడుతుందనుకున్నాను.
నీళ్ళ ప్యాకెట్టు మూల కొరికి
ఒక చుక్క వేలికి అద్దుకుని నాలుకకి తాకించుకుంది.

పుట్టిన ఎనిమిదో రోజున, మా వైపు,
బిడ్డ నాలుక మీద ఒక చుక్క నీళ్ళు, ఒక చుక్క సారా వేసి
చెవిలో చెబుతాం:
నీళ్ళని నీళ్ళే అను, సారాని సారాయే అను.
ఆ తర్వాతే పేరు.

ఇంకో చుక్క మిషన్‌కీ వేయబోయింది.
కీబోర్డు లాక్కున్నాను.

"దీనికి ఎవరు వేశారో," అని గొణిగి,
"సరే, 'కాదు' తీసెయ్."

నిన్నటి చేప.

వెతికాను. ఖాళీ.
ఇంత లోకంలో, ఇన్ని కంపెనీల్లో
ఎవరికీ అక్కర్లేకపోయింది ఆ మాట.
ఏడాదికి పదకొండు డాలర్లు.

"ఏడాదికా?" లేవబోతున్నదల్లా కూలబడింది.
"నా పేరుకి మా నాన్న ఒక కోడిని కోశాడు. ఒక్కసారే.
దీనికి ఏటేటా కోయాలా?"
"కోయాలి, ఆంటీ."
"మానేస్తే?"
"ఇంకెవరైనా పెట్టుకుంటారు."
"పెట్టుకోనీ. మాది నిన్నటి చేప అని
చెప్పుకునే ధైర్యం ఉండొద్దూ?"

నాకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి
ఫోన్లో పిన్ను కొట్టింది, డబ్బు కట్టింది,
రసీదు మడిచి తలగుడ్డలో దోపుకుంది.
సాయంత్రం దాకా కుర్చీలో పొగ వాసన.

తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు, పంక్చర్ల షాపట.
నాజూకైన పేరు కావాలన్నాడు, విదేశీలా ఉండాలన్నాడు.
ఈసారి మిషన్ కంటే ముందు నేనే అడిగాను,
నీ దగ్గరికొచ్చేవాళ్ళు మొదట ఏమంటారని.
తల గోక్కున్నాడు.
"'మళ్ళీనా' అంటారు," అన్నాడు.